తరుగు

పాలకొండ బజారులో మా కొట్టు మూడు బారల వెడల్పు లేదు.
ఒక కుంపటి, ఊదుగొట్టం, అద్దాల పెట్టెలో త్రాసు.
పుస్తెలు తూచే ఆ త్రాసు కోసమే
దివాణం పెదబాబుగారు వచ్చేవారు,
జేబురుమాల్లో గుళ్లు మూటగట్టి,
నీచువాసన ఇంకా వదలనివి.

"ఆచారీ, తరుగెంతో చెప్పు."

కొత్త గుండు నూట అరవై గురిగింజలు.
ముందే తూచి గోడమీద బొగ్గుతో రాసుకున్నాను.
ఎలుగ్గొడ్డు రొమ్ములోంచి తీసింది
నూట ముప్ఫై ఎనిమిది తూగింది.
మూతి విచ్చుకుని, రాగి రేకులు వెనక్కి తిరిగి
అచ్చం వంగపువ్వు.
"ఇదీ గుండంటే!"
పులి జబ్బ ఎముకకి తగిలింది మాత్రం
డెబ్బై దగ్గరే ఆగిపోయింది.
తొడుగు ఒకచోట, సీసం ఒకచోట,
మిగతాదంతా మాంసంలో ఇసకలా.
"తొందరపడింది వెధవది.
తోలుదగ్గరే విప్పుకుంటే లోపలికేం పోతుంది?
లోపల విప్పుకోవాలి, అవతలి తోలు కింద ఆగాలి.
దాటిపోయిందా, దాని బలం గాలికి పోసినట్టే."

గుమ్మం బయట గొంతుక్కూర్చున్న
బిడ్డిక లక్కందొర చుట్ట తీసి అన్నాడు:
"దాటిపోతేనే మంచిది బాబూ.
రెండు కన్నాలుంటే జాడ దొరుకుద్ది.
ఒక కన్నం కొవ్వుతో మూసుకుపోతే
ఆకుమీద సుక్క రాలదు.
ఎనకాల నడిసీవోణ్ని నాను గదా."

పెదబాబుగారు నవ్వారు. నేనూ నవ్వాను.

నాకప్పుడు తట్టలేదు,
నా త్రాసు ఎక్కినవన్నీ చచ్చినవాటిలోవి.
బతికి కొండెక్కినవాటి ఒంట్లో ఉన్నవి
ఎవరూ తెచ్చి తూయించలేదు.

ఆ ఏడు కందికొత్తల పండక్కి ముందు
సీతంపేట పైకొండల్లో అడవిదున్న.
దెబ్బ తిని పొదలో దూరింది.
జాడ తీస్తూ వెళ్లినవాడు లక్కందొర.
అది చుట్టు తిరిగి వెనకనుంచే వచ్చిందట.
వాణ్ని గుచ్చిన కొమ్ము మద్దిచెట్టులో దిగి
మొన విరిగి అక్కడే ఉండిపోయింది.

"గుండు దగా చేసింది ఆచారీ,
ఎదురురొమ్ముకి కొట్టాను, విచ్చుకోలేదు."
కలకత్తా కంపెనీకి ఇంగ్లీషులో ఉత్తరం రాయించారు.
తూచడానికి గుండు లేదు.
లేనిదానికి తరుగెలా కట్టను?

పదో రోజు ఖర్చులకని
బూదెమ్మ వెండికంటె తెచ్చింది.
రూపాయికి అణా తరుగు కోశాను.
బజారు మామూలే.

తొమ్మిదేళ్లకి కట్టెలవాళ్లు
గెడ్డ ఒడ్డున ముసలిదున్న ఎముకలు చూశారు.
ఎడమకొమ్ముకి మొన లేదు.
తుంటి ఎముకలో ఏదో మెరిసిందని
గొడ్డలిమడమతో కొట్టి తీసి, రాగనుకుని, నా దగ్గరికే.

ఎముక దానిచుట్టూ చింతగింజ పెంకులా పెరిగింది.
పెంకు ఒలిచి తూచాను.
నూట నలభై ఒకటి.
అంత చక్కటి వంగపువ్వు
ఆ గోడమీద ఏ లెక్కలోనూ లేదు.
తుంటిలో.
పారిపోతున్నదాని వెనకనుంచి.

పెదబాబుగారికి తీసుకెళ్లాను.
చూపు ఆనడంలేదు, తర్వాత రా, అన్నారు.
అరచేతిలో పెడితే వేలితో రేకులు తడిమి
చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

బూదెమ్మకి చెప్పాను, సగమే చెప్పాను.
అటూఇటూ తిప్పి చూసింది.
"సీసమేనా?"
"సీసమే, పైన రాగి."
"కన్నం ఎట్టియ్యి బాబూ,
మా గుంటడి వలకి గుళ్లు సాలటం నేదు."

బరమా పట్టి కన్నం వేశాను.
నాగావళిలో ఎక్కడో ఉందది,
వల విసిరినప్పుడల్లా అడుగు తాకుతూ.

బరమాకింద రాలిన పొడి
మూడు గింజల ఎత్తు.
తిరిగివ్వలేదు నేను.
అడగనూ లేదు తను.